సీతాలు దీదీకి తెలుగు రాదు

పోర్ట్ బ్లెయిర్ శివార్లలో, గరాచర్మ బస్టాపు నుంచి కాస్త ఎగువకు నడిస్తే పచ్చ రేకుల కప్పుతో ఒక బడి కనిపిస్తుంది. నర్సరీ నుంచి మీసాలొచ్చిన పిల్లల దాకా అందరూ అందులోనే చదువుతారు. పేరులో ఇంటర్నేషనల్ అన్న మాట ఉంది. దానికి ఆధారం ఏమిటని అడిగితే, డైవింగ్ నేర్పడానికి వచ్చిన ఒక ఫ్రెంచి ఆయన కొడుకు మొదటి ఏడాది అక్కడ చదివాడని చెప్పేవారు. ఆ కుర్రాడు ఒక్క వానాకాలం చూసి వెళ్లిపోయాడు, మాట మాత్రం బోర్డు మీద ఉండిపోయింది. వెక్కిరించాల్సిన పని లేదు. తెలుగు, బెంగాలీ, తమిళ, నికోబారీ ఇళ్ల పిల్లలూ, రాంచీ వైపు నుంచి వచ్చిన కూలీల పిల్లలూ ఒకే బెంచీ మీద కూచుని ఒకే పెన్సిలు కోసం కొట్టుకునే చోటికి ఆ పేరు అతిశయోక్తి కావచ్చు గాని అబద్ధం కాదు.

సీతాలు ఆ బడిలో చిన్న తరగతుల హిందీ టీచరు, అంటే పిల్లలకి దీదీ. తండ్రి జోగులు చేపలు పట్టేవాడు, తల్లి నూకరత్నం అమ్మేది. వాళ్ల పెద్దలు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. సీతాలు పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టింది, హిందీ మీడియంలో చదివింది. ఇంట్లో తెలుగు తప్ప మరో మాట లేదు. ఆ తెలుగులో కూడా ముఖ్యమైన భాగం తిట్లు.

ఇది ఫిర్యాదు కాదు. కొందరు తల్లులు ముద్దు పెట్టుకుంటారు, కొందరు కొసరి కొసరి వడ్డిస్తారు. నూకరత్నం తిట్టేది. తలకు నూనె రాస్తూ జుట్టు ఎండిపోయిందని తిట్టేది. పరీక్ష పాసై వస్తే మార్కులకి సంతోషించి, ఎండలో నడిచి వచ్చినందుకు తిట్టేది. ఆ నోటికి కుటుంబం అంతా అలవాటు పడింది. అది వినబడుతున్నంత సేపూ ఇల్లు ఇల్లులాగా ఉన్నట్టు లెక్క.

రెండువేల నాలుగు డిసెంబరులో ఆ ఆదివారం పొద్దున నేల ఊగినప్పుడు వాళ్లు జంగ్లీఘాట్‌లో ఉండేవారు. నూకరత్నం కూతురి జడ పట్టుకుని గుట్ట ఎక్కించింది. ఎక్కినంత సేపూ తిడుతూనే ఉంది, చెప్పుల కోసం వెతుకుతూ ఆలస్యం చేసిందని. జోగులు ఆ వేళకి డోంగీ వేసుకుని లోతు నీళ్లలో ఉన్నాడు. పడవ కాస్త లేచి దిగింది తప్ప అతనికి ఏమీ తెలియలేదు. ఒడ్డుకు వస్తే ఇల్లు లేదు. డోంగీని జెట్టీకి కట్టి భార్యాబిడ్డల్ని వెతకడానికి పరుగెత్తాడు. వాళ్లు దొరికారు. ఈలోగా మళ్లీ వచ్చిన అల డోంగీని తీసుకుపోయింది.

తరవాత బ్రూక్షాబాద్ వైపు రేకుల షెడ్లలో పెట్టారు. సునామీ మనుషులందరినీ ఒకటి చేసిందని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఆ షెడ్ల దగ్గర నీళ్ల ట్యాంకరు వచ్చిన వేళ నిలబడి చూడలేదు. మనుషులు అంతకుముందు ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు, కాకపోతే ఇరుకుగా ఉన్నారు. సీతాలుకి అక్కడ దొరికిన లాభం ఒకటే. మెయిన్‌లాండు నుంచి పిల్లలకి పాటలు నేర్పడానికి వచ్చిన వలంటీర్లకీ, ఆ పాటలు అక్కర్లేని పిల్లలకీ మధ్య నిలబడి మాట కలపాల్సి వచ్చింది. ఏ ఇంటి పిల్ల అయినా ఆమె చెప్పిన మాట వినేది. తనకి అది చేతనవుతుందని ఆమె అప్పుడు కనిపెట్టింది. డిగ్రీ చేసింది, బీఎడ్ చేసింది. జోగులు ఇంకొకరి పడవ మీద పనికి కుదిరాడు. నూకరత్నం గరాచర్మ బజారులో గంప దించింది. ముగ్గురూ ప్రోతరాపూర్‌లో అద్దె గదులు తీసుకున్నారు.

బడి పెట్టింది వాసవి. అబర్డీన్ బజారులో ఇనుప సామాను కొట్టున్న అచ్చిబాబు కూతురు. బెంగళూరులో చదువుకుని, అక్కడి ఒక రెండు భాషల బడిలో పాఠం చెప్పి, ఆ పద్ధతిని అట్టపెట్టెలో పెట్టినట్టు జాగ్రత్తగా ఓడలో వేసుకుని వచ్చింది. పద్ధతి ఇది. ప్రతి చిన్న తరగతికీ ఇద్దరు టీచర్లు, ఒకరు ఇంగ్లీషు, ఒకరు హిందీ. ఎవరి భాష వాళ్లదే. రెండో భాష తమకు తెలియనట్టే ఉండాలి. అప్పుడు పిల్ల తన అవసరం కొద్దీ రెండూ పట్టుకుంటుంది. హిందీ దీదీకి ఇంకో భాష వచ్చని పిల్లకి తెలిస్తే మాత్రం పద్ధతి కూలిపోతుంది. కాబట్టి బడిలోనే కాదు, బస్సులో, బజారులో, గుడి దగ్గర, పిల్లలు కనిపించే ఏ చోటనైనా అదే నియమం. వాసవి కూడా పాటించేది. బడి పెట్టిన నాటి నుంచి పిల్లల ముందు ఆమె నోట ఇంగ్లీషు తప్ప వినబడలేదు.

బెంగళూరులో సాయంత్రం టీచరు ఎటో వెళ్లిపోతుంది, పిల్ల ఎటో వెళ్లిపోతుంది. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల ఎక్కడికి పోతారు? తిరిగేది అదే బజారు, ఎక్కేది అదే బస్సు.

సీతాలు చేరింది రెండువేల పదిలో. రెండేళ్లు చూసి ఖాయం చేస్తామన్నారు. మొదటి నెలలోనే ఒక ఇంగ్లీషు టీచరు చేపల బజారులో ఒక పిల్ల నాయనమ్మతో బెంగాలీలో మాట్లాడుతూ వాసవి కంటబడింది. మర్నాటి నుంచి ఆమె రాలేదు. సీతాలుకి ఆ పని నచ్చింది. జీతం సంగతి అటుంచి, పిల్లల మధ్య నిలబడి మాట కలిపే పని ఆమెకు నిజంగా నచ్చింది. దాన్ని పోగొట్టుకోదలచుకోలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం గరాచర్మ బజారులోకి వెళ్లింది. నూకరత్నం దూరం నుంచే చూసి కేకేసింది. "ఒలే సీతాలు, వంజరం తల ఉంచీసినాను నీకోసరం. బేగి అట్టుకెల్లు."

సీతాలు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. పక్క గంప దగ్గర, తల్లి బేబీరాణి చెయ్యి పట్టుకుని, నర్సరీ పిల్ల చిన్ని నిలబడి ఉంది. కళ్లు ఇంతింత చేసుకుని తన దీదీని చూస్తోంది.

"మాతాజీ," అంది సీతాలు, "సురమయి కైసే దియా?"

కన్నతల్లిని మాతాజీ అని పిలిచి చేప ఎలా ఇస్తున్నావని హిందీలో అడిగిన కూతుర్ని ఆ బజారు అంతకుముందు చూసి ఉండదు. పక్క గంపలవాళ్లు ఇటు తిరిగారు. నూకరత్నం ఒక్క క్షణం తేరిపార చూసింది. తరవాత, ఊళ్లో ఎవరికీ చెప్పని ధర చెప్పింది. సీతాలు మారుమాటాడకుండా ఇచ్చి చేప తీసుకుంది.

ఇంటికి వచ్చాక పడిన తిట్లు మాత్రం తెలుగులోనే పడ్డాయి. నిన్ను కన్నదాన్ని పట్టుకుని బేరం ఆడతావా అని మొదలై, శ్రీకాకుళంలో పోయిన మేనత్తల దాకా వెళ్లాయి. సీతాలు సర్దిచెప్పి, బడి పద్ధతి అంతా వివరించింది. జోగులు వల బాగుచేసుకుంటూ, "మరి నానెవర్నే, పితాజీనా?" అని అడిగాడు. నూకరత్నం నవ్వలేదు. ఒక్కటే అడిగింది.

"తెలుగు మాటాడితే నౌకరీ పోద్దేటి?"

"పోద్దమ్మా. ఆ బెంగాలీ టీచర్ది పోలేదేటి?"

ఆ నెల తిరక్కుండా ఇంకో సంగతి జరిగింది. పక్క గదిలోకి బేబీరాణి కుటుంబం అద్దెకు దిగింది, చిన్నితో సహా. రెండు గదుల మధ్య ఉన్నది చెక్క పలకల గోడ. ఇటు దగ్గితే అటు వినబడుతుంది. వాళ్లు దిగిన మర్నాడు పొద్దున నూకరత్నం టీ గ్లాసు తెచ్చి కూతురి ముందు పెట్టి, "దీదీ, చాయ్ లీజియే," అంది.

వెక్కిరింపు అనుకుంది సీతాలు. ఒక పూట ఉంటుందిలే అనుకుంది. కానీ మధ్యాహ్నం కూడా దీదీయే, రాత్రి అన్నం దగ్గర కూడా దీదీయే. వారమైంది, నెలైంది. నూకరత్నానికి వచ్చిన హిందీ బజారు హిందీ, అంటే ధరలూ మర్యాదలూ. కొనడానికి వచ్చేవాళ్లని తిడితే గంప ఖాళీ కాదు గనక ఆ భాషలో ఆమె ఒక్క తిట్టయినా నేర్చుకోలేదు. దాంతో ఆ ఇంట్లో మర్యాద నిండిపోయింది. ఆప్, జీ, లీజియే, బైఠియే. జోగులు బయట తెలుగు, ఇంట్లో హిందీ మాట్లాడలేక, ఇల్లు కాస్తా రేడియో స్టేషన్ అయిపోయిందని విసుక్కుని అరుగు మీదికి పోయేవాడు.

మాతృభాష మీద కన్నీళ్లు కార్చేవాళ్లు ఇక్కడ ఆగి కళ్లు తుడుచుకోవచ్చు. సీతాలు బాధ అది కాదు. ఆమెకు తెలుగు పోయిందని దిగులు లేదు. చదవడం రాయడం ఎలాగూ అంతంత మాత్రమే. ఆమె దిగులు తల్లి తిట్టడం మానేసిందని. తన నోటి నుంచి వచ్చిన ఆ మాతాజీ అన్న మాట తల్లికి లోపల ఎక్కడో దిగబడిందనీ, మనసు విరిగిన మనిషే ఇంత మర్యాదగా ఉంటుందనీ ఆమె నమ్మింది. పని వదిలేస్తే తల్లి దక్కుతుంది, ఉంచుకుంటే ఇంట్లో ఈ పరాయి ఆవిడతో కాలం గడపాలి.

తిట్టించుకోవడానికి చాలా ప్రయత్నాలు చేసింది. పులుసులో ఉప్పు ఎక్కువ వేసింది. నూకరత్నం ముద్ద నోట్లో పెట్టుకుని, నీళ్లు తాగి, "అచ్ఛా బనా హై," అంది, బాగా కుదిరిందని. కావాలని గాజు సీసా జారవిడిచింది. "కోయీ బాత్ నహీఁ, దీదీ." ఫరవాలేదట. వానలో తడిసి ముద్దయి వచ్చింది. నూకరత్నం తువ్వాలు ఇచ్చి ఊరుకుంది. ఆ రోజు సీతాలుకి నిజంగా ఏడుపొచ్చింది.

బడిలో మాత్రం అంతా బాగా నడిచింది. పిల్లలు ఆమెతో హిందీ తప్ప మాట్లాడేవారు కాదు. అంతవరకూ తెలుగులో గొడవపడుతున్నవాళ్లు కూడా ఆమె రాగానే హిందీలోకి దిగిపోయేవారు. పద్ధతి ఇంత చక్కగా పనిచేసిన తరగతి ఇంకోటి లేదని వాసవి టీచర్ల మీటింగులో చెప్పింది. ఏప్రిల్‌లో ఖాయం చేస్తామని కూడా చెప్పింది.

రెండువేల పన్నెండు ఏప్రిల్‌లో, బడి వదిలే వేళకి కాస్త ముందు, నేల కదిలింది. గోడల మీద పటాలు ఊగడం ఆగలేదు. మూలన నీళ్ల డ్రమ్ము తొణికి గది తడిసింది. ఆ దీవుల్లో పెద్దవాళ్లెవరికీ ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. గంట కొట్టారు. పిల్లల్ని వరసగా బడి వెనక గుట్ట మీదికి ఎక్కించారు. సునామీ రావచ్చని హెచ్చరిక వచ్చింది, ఊరంతా ఎత్తుకి ఎక్కుతోంది. సీతాలు ఒకర్ని చంకనేసుకుని, ఒకరి చెయ్యి పట్టుకుని, పైకెళ్లాక బెల్లం తింటారా బిస్కట్లు తింటారా అని హిందీలో అడుగుతూ నడిపించింది. మనసు మాత్రం గరాచర్మ బజారులో ఉంది. తల్లి గంప వదిలి కదిలిందో లేదో.

గుట్ట మీద వాసవి పిల్లల్ని తరగతుల వారీగా కూచోబెట్టింది. ఇంగ్లీషులో ఒక్కొక్కరినీ పలకరించింది. బాగానే ఉంది ఆవిడ. కానీ ఫోను చేతిలోంచి దించడం లేదు. తండ్రి అచ్చిబాబు కొట్టు సముద్రానికి దగ్గర. లైను దొరకడం లేదు. నొక్కుతూనే ఉంది. ఒక్కసారిగా దొరికింది. ఆవిడ అక్కడే మట్టిలో కూలబడింది.

"నాన్నా, కొట్టు తాళం గీళం అక్కర్లేదు, వదిలేసి పైకెక్కు. ఇనప మేకులు కొట్టుకుపోతే పోనీ. నువ్వు ఎక్కావా లేదా, అది చెప్పు ముందు. ఎక్కకపోతే నా మీద ఒట్టే."

బడి అంతా విన్నది. అచ్చిబాబు అప్పటికే ఎక్కి కూచున్నానని చెప్పినట్టున్నాడు, వాసవి ఫోను ఒళ్లో పెట్టుకుని మొహం తుడుచుకుంది. అప్పుడు గాని చుట్టూ చూసుకోలేదు. పిల్లలందరూ ఆవిడనే చూస్తున్నారు. చిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

ఆ సమయంలోనే గుట్ట కింది నుంచి జనంతో పాటు నూకరత్నం ఎక్కి వచ్చింది. బజారుకి దగ్గరగా వేరే ఎత్తు ఉంది. అక్కడికి పోకుండా, చుట్టు తిరిగి ఇక్కడికి వచ్చింది. నెత్తి మీద గంప అలాగే ఉంది. పిల్లల వరస దగ్గరికి రాకుండా, కాస్త ఎడంగా ఆగి, కూతుర్ని తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసుకుని, ఊపిరి తీసుకుంది.

"దీదీ, బచ్చే సబ్ ఠీక్ హై నా?"

పిల్లలు బాగున్నారా అని అడుగుతోంది, ఎవరో దారిన పోయే మనిషిలాగా. సీతాలు చూపు ఆమె కాళ్ల మీద పడింది. ఒక కాలికి చెప్పు లేదు. మడమ దగ్గర చీరుకుపోయి రక్తం వస్తోంది. వాసవి నాలుగడుగుల దూరంలో ఉంది. ఖాయం కావాల్సిన నెల ఇదే. సీతాలుకి అవన్నీ తెలుసు. తెలిసే అడిగింది.

"అమ్మా, నీ సెప్పేదే?"

నూకరత్నం మొహం మాడిపోయింది. వాసవి వైపు చూసి, పిల్లల వైపు చూసి, గబగబా చెప్పింది. "కౌన్ అమ్మా? మై తో మచ్ఛీవాలీ హూఁ, మేడం." అమ్మ ఎవరు, నేను చేపలమ్మేదాన్ని అని.

చిన్ని లేచి వచ్చి ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకుంది. అచ్చ తెలుగులో చెప్పింది.

"పర్లేదు అవ్వా. ఇంక సెప్పీవచ్చు. పెద్ద మేడంకి కూడా తెలుగొచ్చీసింది."

తరవాత ఆ పిల్ల ఆపలేదు. చెక్కగోడ అవతల నుంచి సీతాలు దీదీ తెలుగు మాట్లాడ్డం తనకి దిగిన రోజే వినబడిందట. మర్నాడు నూకరత్నం అవ్వ తనని పిలిచి, వేయించిన చేప ముక్క చేతిలో పెట్టి, మా సీతాలుకి తెలుగొచ్చని బళ్లో అనకే, అంటే దాని నౌకరీ పోద్ది అని చెప్పిందట. తను ఎవరికీ చెప్పలేదట. తరగతిలో వాళ్లకి మాత్రం చెప్పిందట, వాళ్లు కూడా ఎవరికీ చెప్పకుండా ఉంటారని. వాళ్లు చెప్పలేదు. రెండేళ్ల పాటు, ఆ తరగతిలో ప్రతి తెలుగు పిల్లా, కొందరు బెంగాలీ పిల్లలూ, దీదీ ఉద్యోగం కాపాడుతూ ఆమెతో హిందీ మాట్లాడుతూ వచ్చారు. వాసవి మీటింగులో మెచ్చుకున్న పద్ధతి ఇదే.

సీతాలు తల్లిని చూసింది. "నామీద కోపం కాదేటమ్మా?"

అప్పుడు తెగింది కట్ట. "కోపవేటే? కోపవుంటే దీదీ దీదీ అని నీ ఎనకాల తిరుగుతానేటే, బుర్ర లేనిదానా? నీ పులుసు తిని సచ్చినంత పనైనాది. సీసా పగలగొడితే నోరు మూసుకున్నాను. వానలో తడిసొస్తే నాలిక కొరుక్కున్నాను. ఎన్ని మింగినానో నా కడుపుకి తెలుసు. ఇంట్లో తెలుగు నోరు జారితే బజార్లోనూ జారిపోద్దని కాదేటే? ఎవులికోసరవే అదంతా? ఇంతమందిలో అమ్మా అనీసి అంతా బుగ్గి సేసీసినావు. సెప్పేదే అంటావా? నీ నౌకరీ ఏదే?"

చాలాసేపు తిట్టింది. రెండేళ్ల బాకీ గనక ఎక్కడా తడుముకోలేదు. తెలుగు రాని పిల్లలు కూడా నోళ్లు తెరుచుకుని విన్నారు. సీతాలు అంతసేపూ తన చున్నీ అంచు చింపి ఆ మడమకి కట్టు కడుతూ, తల వంచుకుని నవ్వుకుంటూ కూచుంది. సాయంత్రానికి హెచ్చరిక ఎత్తేశారు. ఆ రోజు అల రాలేదు. గంపలో చేపలు పాడవుతాయని నూకరత్నం గుట్ట మీదే బేరం పెట్టింది. కొన్నవాళ్లలో వాసవి కూడా ఉంది.

మరుసటి వారం వాసవి సీతాలుని గదికి పిలిచింది. ఆవిడ కరిగిపోయే రకం కాదు. పద్ధతి తప్పని ఒప్పుకోలేదు. హద్దు గీసింది. గేటు లోపల ఎవరి భాష వాళ్లది. గేటు దాటితే ఎవరమ్మ వాళ్లకి అమ్మే. ఇంగ్లీషులోనే చెప్పింది, సీతాలు హిందీలోనే షుక్రియా చెప్పింది. ఉద్యోగం ఖాయమైంది. బయటికి వస్తుంటే వెనక నుంచి తెలుగులో, మెల్లగా, మీ అమ్మగారు వంజరం ఏ రోజుల్లో తెస్తారని అడిగింది.

సీతాలు ఇప్పటికీ అక్కడే ఉంది. కొత్తగా చేరే హిందీ దీదీలకి పని నేర్పేది ఆమే. చిన్ని పెద్దదై కాలేజీకి వచ్చింది. ప్రోతరాపూర్‌లోనే సీతాలు వాళ్లు ఇటుక గోడల ఇంట్లోకి మారారు. రెండు భాషల చదువు గురించి ఎవరైనా సందేహం వెలిబుచ్చితే చూపించడానికి ఆ బడిలో మంచి విద్యార్థులు చాలామంది ఉన్నారు. నా ఉద్దేశంలో మాత్రం ఆ పద్ధతి నూటికి నూరుపాళ్లు ఫలించింది ఒక్క నూకరత్నం విషయంలోనే. ఇంట్లో రెండేళ్లు హిందీ తప్ప మరోటి మాట్లాడక ఆమె భాష ఎంత సాఫీ అయిందంటే, ప్రభుత్వ క్వార్టర్ల నుంచి వచ్చే మేడంలు పక్క గంపలు దాటుకుని ఆమె దగ్గరికి వస్తారు. బజారు వేళల్లో సీతాలు వెళ్లినా ఆమె హిందీ వదలదు. దీదీ, ఆజ్ సురమయి బఢియా హై, ఇవాళ వంజరం బాగుంది అంటుంది, మొహం ఏమాత్రం చెదరకుండా. ధర కూడా ఆ మాతాజీ నాటి దాని మీద తగ్గించలేదు.

ఆదివారం మాత్రం బడి ఉండదు, గంప ఎత్తరు. జోగులు పట్టుకొచ్చిన చేపని సీతాలు వండుతుంది. పులుసులో ఉప్పు వేసేటప్పుడు ఆమె చెయ్యి కాస్త బరువుగా పడుతుంది. నూకరత్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కంచం కింద పెట్టేస్తుంది.

"ఒలే, సముద్రం ఇంట్లోకి ఒక్కసారొస్తే సాల్లేదేటే నీకు? మల్లీ కూర్లోకి తెచ్చినావేటి?"

సీతాలు ఇంకో గరిటెడు వడ్డిస్తుంది.